ఇంటి పని ఎప్పుడు ముగియును?

వాక్యభాగము: నిర్గమకాండము 21:33, 34

గొయ్యి త్రవ్వి కప్పక విడిచినవాడు, అందులో ఎద్దు గాని గాడిద గాని పడి చచ్చినయెడల, ఆ నష్టమును తానే చెల్లింపవలెనని మోషే ధర్మశాస్త్రము విధించుచున్నది. గొయ్యి త్రవ్వుట తప్పు కాదు. దానిని అట్లే విడిచిపోవుటయే తప్పు.

ప్రియులారా, ఈ మాట మన తిరువూరు వీధులకును వర్తించును. ఇల్లు కట్టుకొనుట దేవుని దీవెనయే. అయితే మిగిలిన ఇసుక, కంకర, ఇటుక ముక్కలు వీధిలో విడిచినయెడల వానకు మురుగు కాలువలోనికి దిగును. తాపీలు, తట్టలు కడిగిన సిమెంటు నీరు కాలువ అడుగున రాయివలె గట్టిపడును. పిమ్మట అది పారకు రాదు. నిలిచిన నీటిలో వారము పది దినములకే దోమలు పుట్టును. జ్వరము పొరుగువాని బిడ్డకు వచ్చును. ఇసుక కుప్పను తప్పించుకొనబోయి వృద్ధురాలు లారీకెదురుగా నడువవలసివచ్చును.

కట్టడపు వ్యర్థములు రాకపోకలకును కాలువలకును అడ్డు కాకుండ చూచు బాధ్యతను, 2016లో కేంద్ర ప్రభుత్వము చేసిన నిబంధనలు సహితము ఆ పని చేయించినవానిమీదనే ఉంచినవి.

మన సంఘములలో ఇల్లు కట్టించువారును ఉన్నారు, మేస్త్రీలును కూలీలును ఉన్నారు. మేస్త్రి చూచుకొనునని యజమాని అనును. దానికి కూలి మాటాడలేదని మేస్త్రి అనును. ఇద్దరి నడుమ గొయ్యి తెరచియే యున్నది! కావున బేరము కుదుర్చుకొనునప్పుడే చెత్త ఎత్తించు బండి కూలియు మాటాడుకొందము. ఇటుక ముక్కలను అరుగు నింపుటకు వాడుకొందము. తట్టలు కడిగిన నీటిని మన స్థలములోనే గుంట తీసి పోయుదము.

గృహప్రవేశ ప్రార్థనకు సంఘమును పిలువకముందు వాకిలి దాటి వీధిని, కాలువను చూతము. అవి శుభ్రముగా నున్నప్పుడే ఇంటి పని ముగిసినది.