గానుగ గడపకు ముందు: వేరుశనగ నూనె లైసెన్సు, అఫ్లటాక్సిన్

తుమ్మలపల్లె అనగానే అందరికీ యురేనియం గని గుర్తుకు వస్తుంది. ఈ వ్యాసం గని గురించి కాదు. అదే నేలమీద, అంటే వేముల, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పరిసరాలలో, వర్షాధారంగా వేరుశనగ పండించే రైతు, ఆ గింజలను ఆడించి నూనె అమ్మే చిన్న గానుగ యజమాని, వీరిద్దరి మధ్య చట్టం గీసిన గీత గురించి.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. లైసెన్సు, రిజిస్ట్రేషన్ నిబంధనలు 2011 ఆగస్టు 5 నుండి అమలులోకి వచ్చాయి. లాభం కోసమైనా కాకపోయినా ఆహారాన్ని తయారు చేయడం, నిల్వ చేయడం, రవాణా చేయడం, అమ్మడం అన్నీ ఈ చట్టం దృష్టిలో ఆహార వ్యాపారమే. ఏటా 12 లక్షల రూపాయలలోపు అమ్మకాలున్న చిన్న వ్యాపారికి 2011 నిబంధనలు రిజిస్ట్రేషన్ చాలన్నాయి. అప్పట్లో ఏడాదికి రుసుము 100 రూపాయలుగా ఉండేది. అంతకు మించితే లైసెన్సు తప్పనిసరి అన్నాయి. రిజిస్ట్రేషన్ పొందిన చోటును ఏడాదికి ఒకసారైనా తనిఖీ చేయాలని కూడా అవే నిబంధనలు చెప్పాయి. అయితే 18వ సెక్షన్‌లోని 3వ ఉపవిభాగం రైతును, అతని పొలం పనులను, పొలం స్థాయిలోని పంటను చట్ట పరిధి నుండి మినహాయించింది. ప్రతి కమతానికీ లైసెన్సు అడగడం అసాధ్యం కనుక ఈ మినహాయింపు సమంజసమే. చిక్కల్లా అఫ్లటాక్సిన్ ఈ మినహాయింపును గౌరవించకపోవడమే.

అస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం నేలలోనే ఉంటుంది. కాయ ఊరే చివరి వారాలలో బెట్ట ఏర్పడి నేల వేడెక్కితే అది కాయలోకి ప్రవేశిస్తుంది. కడప జిల్లాలో ఇటువంటి బెట్ట అరుదు కాదు. పీకిన తరువాత తడి కాయను కుప్ప వేసినా, సరిగా ఆరకముందే సంచులకెత్తినా శిలీంధ్రం మరింత పెరుగుతుంది. వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపరిచేది ఒలుపు యంత్రం దగ్గరి అలవాటు: గింజ పగలకుండా ఉండాలని కాయలపై నీళ్ళు చల్లడం. రోజుల తరబడి ఆరబెట్టిన శ్రమ ఒక బకెట్ నీళ్ళతో పోతుంది. పైగా బూజు పట్టిన, ముడతలు పడిన గింజలను ఏరి పారవేయరు. అవి సాధారణంగా నూనెకే చేరతాయి.

ఆడించినప్పుడు విషంలో అధిక భాగం చెక్కలోనే నిలుస్తుంది. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చనిపోయిన తరువాత, మేతలో వాడిన వేరుశనగ చెక్కను పరిశీలించగానే ఈ విషం లోకానికి తెలిసింది. చెక్క తిన్న పాడి పశువు పాలలో అది ఎమ్1 రూపంలో బయటపడుతుంది. నూనె శుద్ధి కర్మాగారంలో క్షారంతో శుద్ధి చేసినప్పుడు నూనెలోని శేషం చాలావరకు తొలగిపోతుంది. గానుగ నూనెకు ఆ దశ లేదు. సన్నని చెక్క రేణువులతో పాటు కొంత విషం మిగిలిపోవచ్చు. 'స్వచ్ఛమైన గానుగ నూనె' అన్న నమ్మకం గింజ మంచిదైనప్పుడే నిజం. దీర్ఘకాలం శరీరంలోకి చేరితే అఫ్లటాక్సిన్ కాలేయ క్యాన్సరుకు కారణమవుతుంది.

మన దేశంలో తదుపరి శుద్ధికి వెళ్ళే వేరుశనగలో మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 15 మైక్రోగ్రాములు మించరాదు. అంటే టన్ను గింజలకు 15 మిల్లీగ్రాములు. కొద్ది చెడ్డ గింజలు మొత్తం రాశిని ఈ హద్దు దాటించగలవు. అందువల్ల ఒకే బస్తా నుండి తీసిన రెండు పిడికిళ్ళు రెండు ఫలితాలివ్వవచ్చు. 47వ సెక్షన్ ప్రకారం అధికారి నమూనాను నాలుగు భాగాలు చేస్తారు: ఒకటి విశ్లేషకునికి, రెండు నియమిత అధికారికి. నాల్గవది, వ్యాపారి కోరితే, అతని ఖర్చుతో గుర్తింపు పొందిన ప్రయోగశాలకు వెళుతుంది. రెండు నివేదికలు విభేదిస్తే రిఫరల్ ప్రయోగశాల మాటే తుది మాట. గింజల విషయంలో బస్తాలో పలుచోట్ల నుండి తీసి, మర పట్టి కలిపిన తరువాతనే విభజించాలని నా అభిప్రాయం. లేకుంటే నాలుగు భాగాలు నాలుగు వేర్వేరు నమూనాలవుతాయి. నాల్గవ భాగాన్ని కోరే హక్కు తమకుందని చాలామంది గానుగ యజమానులకు తెలియదు.

ఎగుమతి మార్గం మరోలా ఉంది. ఐరోపా సమాఖ్య నేరుగా తినే వేరుశనగకు కిలోకు 4 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది. అపెడా తన పీనట్.నెట్ విధానంలో ఒలుపు యూనిట్లనూ నమోదు చేస్తుంది. పరాయి దేశపు వినియోగదారుని కోసం ఒలుపు దాకా వెనక్కి వెళ్ళి చూసే మనం, పులివెందుల వంటింటికి వెళ్ళే నూనె విషయంలో గానుగ గడప దగ్గరే ఆగిపోతున్నాం.

గానుగ యజమాని చేయగలిగింది లేకపోలేదు. జాగ్రత్తలన్నీ తీసుకున్నానని రుజువు చేసుకోవడానికి 80వ సెక్షన్ అవకాశమిస్తుంది. జరిమానా నిర్ణయంలో అది తెలియక జరిగిన తప్పా అన్నదీ చూడాలని 49వ సెక్షన్ అంటుంది. రుజువుకు కాగితం కావాలి. ఎవరి గింజ, ఏ తేదీన, ఎంత తేమతో కొన్నారన్నది నోటుపుస్తకంలో ప్రతి బస్తాకూ రాయాలి. కాయలో తేమ 8 శాతం మించితే తీసుకోరాదు. మీటరు లేనిచోట పిడికెడు కాయలను చెవి దగ్గర ఊపి చూడాలి. గింజ గలగలలాడకపోతే అది ఆరలేదు. కూలికి ఆడించడానికి తెచ్చిన గింజలను కూడా ఏరిన తరువాతే గానుగలో పోయాలి. ఏరివేసిన వాటిని చెక్కలోనూ కలపరాదు. ఒలుపు దగ్గర నీళ్ళు చల్లిన సరుకును ధర తగ్గించి ఇస్తామన్నా తీసుకోరాదు.