లినక్స్‌లో ఏ యాప్ ఏ డెస్క్‌టాప్‌లో ఓపెన్ అవ్వాలో మీరే డిసైడ్ చేయండి!

లాగిన్ అవ్వగానే ఫైర్‌ఫాక్స్ ఒకటో డెస్క్‌టాప్‌లో, టెర్మినల్ రెండోదాంట్లో, టెలిగ్రామ్ మూడోదాంట్లో ఉండాలి. రోజూ చేత్తో సర్దలేక స్క్రిప్ట్ రాసుకున్నా: టెలిగ్రామ్‌ని స్టార్ట్ చెయ్, 5 సెకన్లు ఆగు, మూడోదానికి పంపు. రెండు వారాలు బాగానే నడిచింది. ఓ రోజు సిస్టమ్ స్లో అయ్యి, విండో రాకముందే స్క్రిప్ట్ ముగిసిపోయింది. ఆఫీస్ కాల్‌లో స్క్రీన్ షేర్ చేశానో లేదో, ఇంట్లోవాళ్ల చాట్ అందరి ముందూ ప్రత్యక్షం! తప్పు నా స్క్రిప్ట్‌దే. మీరు అదే తప్పు చేయకండి.

ముందు ఇది చెక్ చేయండి

మీ సెషన్ ఎక్స్11 అయితేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. వేలాండ్‌లో ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్ విండోని ఇలా కదపలేదు. అక్కడ కేడీఈ ప్లాస్మాలో 'విండో రూల్స్', గ్నోమ్‌లో 'ఆటో మూవ్ విండోస్' ఎక్స్‌టెన్షన్ వాడుకోండి.

స్టెప్ బై స్టెప్

1. 'డబ్ల్యూఎంసీటీఆర్ఎల్' అనే చిన్న టూల్ ఇన్‌స్టాల్ చేయండి. పేరులోని ఆరు అక్షరాలూ స్మాల్ లెటర్స్‌లోనే.

2. దానికి 'మైనస్ డి' ఇస్తే డెస్క్‌టాప్‌ల లిస్ట్ వస్తుంది. లెక్క 0 నుంచి మొదలు. అంటే మూడో డెస్క్‌టాప్ నంబర్ 2.

3. 'మైనస్ ఎల్', 'మైనస్ ఎక్స్' కలిపి ఇస్తే ఓపెన్‌లో ఉన్న విండోలు, వాటి క్లాస్ పేర్లు కనిపిస్తాయి. మీ యాప్ క్లాస్ నోట్ చేసుకోండి.

4. పంపడానికి 'మైనస్ ఎక్స్', ఆ తర్వాత 'మైనస్ ఆర్' పక్కన క్లాస్ పేరు, 'మైనస్ టి' పక్కన డెస్క్‌టాప్ నంబర్.

'మైనస్ ఎక్స్' మర్చిపోతే టూల్ విండో టైటిల్‌లో వెతుకుతుంది. బ్రౌజర్‌లో టెలిగ్రామ్ గురించి పేజీ తెరిచి ఉంటే బ్రౌజరే మూడోదానికి వెళ్లిపోవచ్చు. టైటిల్ మారుతూ ఉంటుంది, క్లాస్ సాధారణంగా మారదు.

అసలు కిటుకు

5 సెకన్లు ఆగడం అంటే ఊహించడమే. దాని బదులు లూప్ పెట్టండి. అర సెకనుకోసారి లిస్ట్ చూడాలి, క్లాస్ కనిపిస్తే పంపి ఆగిపోవాలి. 60 సార్లు చూసినా రాకపోతే ఎర్రర్ మెసేజ్ చూపించాలి. నా పాత స్క్రిప్ట్‌లో లేనిది ఇదే, ఫెయిలైనా చెప్పలేదు.

ఇంకో మాట. ఈ పద్ధతిలో విండో ముందు మీరున్న డెస్క్‌టాప్‌లోనే కనిపించి, తర్వాత వెళ్తుంది. అందుకే స్క్రిప్ట్ పూర్తయ్యాకే స్క్రీన్ షేర్ నొక్కండి. నేనైతే ఇప్పుడు అలాగే చేస్తున్నా!