గద్ద, నీలి సాలీడు: నాలుగు అనుభవ పాఠాలు

శాలిబండలో పుట్టి, పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. చార్మినార్ మీద తిరిగే గద్దల్ని రోజూ చూశాను. గుత్తి నీలి సాలీడును, అంటే మన టరాంటులాను, పుస్తకాల్లోనే ఎరుగుదును. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం ఆలస్యంగా మొదలుపెట్టాను.

1. పైన తిరిగేదంతా గొప్ప వేటగాడు కాదు.
గద్దను చూపించి, వేటంటే అదిరా అనేవాణ్ణి. నగరంలో అది ఎక్కువగా మాంసం కొట్ల వ్యర్థాల మీద బతుకుతుంది. మూసీ వంతెనల మీద సద్కాగా, అంటే దానంగా, విసిరే మాంసం ముక్కల్ని గాల్లోనే కాళ్లతో అందుకుని, ఎగురుతూనే తింటుంది. అరచేయంత సాలీడు మాత్రం తన తిండి తానే పట్టుకుంటుంది.

2. కళ్లు ఎన్నున్నా పసిగట్టే గుణం వేరు.
గద్దకు రెండు కళ్లే, ఎంత ఎత్తు నుంచైనా కిందిది కనిపెడుతుంది. సాలీడుకు ఎనిమిది ఉన్నా చూపు అంతంతమాత్రం. చెట్టు తొర్రలో పొంచి ఉండి, పురుగు నడిచే అదురును కాళ్లతో తెలుసుకుని మీద పడుతుంది. క్లాసులో చెయ్యెత్తినవాడే తెలివైనవాడని నమ్మాను. వెనక బెంచీలో మౌనంగా గ్రహిస్తున్నవాళ్లు నా లెక్కలోకి రాలేదు.

3. భయపడాల్సినదానికి మనం భయపడం.
ఈ సాలీడు కరిస్తే విపరీతమైన నొప్పి, కండరాల పట్టు ఉంటాయి. మనిషి చనిపోయిన దాఖలా లేదు. అయినా సాలీడు కనిపిస్తే చెప్పు తీస్తాం. గద్ద రెక్క కోసే మాంజాను మాత్రం సంక్రాంతికి గుల్జార్ హౌజ్‌లో కొని పిల్లల చేతికిస్తాం. నేనూ ఇచ్చాను. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది. అంతకుముందే నాకు బుద్ధి రావాల్సింది.

4. ఒక్క చోటునే నమ్ముకున్నదానికి ఆ చోటే ప్రాణం.
గద్ద ఊరితో సర్దుకుంది. సాలీడుకు ఆ వీలు లేదు. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన దాన్ని 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త లోకానికి పరిచయం చేశాడు. మళ్లీ కనబడింది 2001లో, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. తొర్రలున్న పాత చెట్లు పోతున్నాయి, పైగా ఆ నీలిరంగు చూసి పెంచుకునేవాళ్లకు మోజు. 2008లో ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతుల్లో చేర్చింది.

రెండింటిలో ఏది గొప్పదని అడక్కండి నాయనా, దేనికి ఏం కావాలో అడగండి. నైలాన్ మాంజా కొనకండి. అడవి సాలీడును ఎవరు అమ్మజూపినా తీసుకోకండి. తొర్ర పడిందని పాత చెట్టును కొట్టనివ్వకండి.