జీడితొక్కలో ఉన్న వేడి



చెట్టూ చేమా నుంచి, పంటల నుంచి వచ్చే మండే పదార్థాన్ని బయోమాస్ అంటారు. గడ్డి, ఊక, కొబ్బరి చిప్ప, పిడక ఇవన్నీ అదే. మా పాఠ్యపుస్తకంలో దీనికి ఇచ్చిన ఉదాహరణ గ్రీన్‌హౌస్. డెన్మార్క్ వంటి చలి దేశాల్లో రైతులు గడ్డినో, చెక్క ముక్కలనో బాయిలర్‌లో మండించి నీటిని వేడి చేస్తారు. ఆ వేడినీరు గొట్టాల్లో తిరిగి, బయట మంచు కురుస్తున్నా లోపలి టమాటా మొక్కను కాపాడుతుంది.

పలాసలోనో, కవిటిలోనో ఈ పాఠం చదివితే నవ్వొస్తుంది. మన దగ్గర గ్రీన్‌హౌస్ వేస్తే లోపలి వేడిని తగ్గించుకోవడమే పెద్ద పని. అయినా ఆ పాఠంలో మనకు పనికివచ్చే కిటుకు ఒకటి ఉంది. నిప్పు ఒకచోట ఉంటుంది, వేడి ఇంకొకచోటికి చేరుతుంది. పొగ చిమ్నీలోంచి పోతుంది, మొక్కకు తగిలేది వేడి మాత్రమే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని మన ప్రాంతానికి వద్దాం.

మనకు వేడి అవసరమయ్యేది ఎండబెట్టడానికి. టెక్కలి వైపు వరి, ఉద్దానంలో కొబ్బరి, జీడి. వీటిలో తేమ తగ్గకపోతే నిల్వ ఉండదు, నిల్వ లేనివాడు ఆ రోజు చెప్పిన ధరకే అమ్ముకోవాలి. పిక్కలు రాలే ఏప్రిల్, మే నెలల్లో ఒక్క గాలివాన పడితే కళ్ళంలో ఉన్న పిక్క నల్లబడుతుంది. రెండు మూడు రోజుల ఎండ దొరికిన రైతుకీ, దొరకని రైతుకీ మధ్య తేడా అంతా ఆ నలుపులోనే ఉంటుంది.

ఒక బస్తా లెక్క

పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల రెండు వందలకు పైగా జీడిపప్పు పరిశ్రమలు ఉన్నాయి. మనవాళ్ళు పిక్కలను 80 కిలోల బస్తాతో లెక్కిస్తారు కదా, మనమూ అలాగే చూద్దాం. పిక్కలో పప్పు సుమారు నాలుగో వంతు, అంటే 20 కిలోలు. తొక్క నూటికి 70 వంతులు అనుకుంటే 56 కిలోలు. మిగిలినది ఎర్ర పొట్టు, తరుగు.

ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి కావలసిన వేడిని కిలో కాలరీ అంటాం. కిలో జీడితొక్క మండితే సుమారు 4,500 కిలో కాలరీలు వస్తాయి. ఇది మామూలు వంటచెరకు కన్నా ఎక్కువ. 56 కిలోలకు 2,52,000.

ఇప్పుడు ఖర్చు చూడండి. పరిశ్రమలో మొదట పిక్కలను ఆవిరితో ఉడికిస్తారు. పిక్క వేడెక్కే గుణం నీటిలో సగం అనుకుందాం. 80 కిలోలను 30 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 2,800 కిలో కాలరీలు. తొక్క కోసి తీసిన పప్పును వేడిగదిలో సుమారు 70 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితే తేమ 9 శాతం నుంచి 4 శాతానికి దిగి, ఎర్ర పొట్టు విడుస్తుంది. అంటే పోవలసిన నీరు కిలోకి కాస్త ఎక్కువ. ఆ నీటిని ఆవిరి చేయడానికి, పప్పు వేడెక్కడానికి కలిపి 1,000 చాలు. మొత్తం 3,800.

పొయ్యి ఎంత నాసిరకమైనా, వేడిలో పదో వంతే పనికొచ్చినా, ఎనిమిదిన్నర కిలోల తొక్క సరిపోతుంది. ఇంకా 47 కిలోలు మిగులు!

మా అమ్మ పీలింగ్ పనికి వెళ్తుంది. మా ఇంట్లో డిగ్రీ దాటినవాణ్ణి నేనే మొదటివాణ్ణి కాబట్టి ఈ లెక్కను మొదట ఆమెకే వినిపించాను. "తొక్కకి కూడా నెక్కేటిరా బాబూ, పొగ సంగతి సెప్పు" అంది. ఆమె అడిగినదే అసలు ప్రశ్న.

పొగ ఎందుకు వస్తుంది?

ఏ కట్టె అయినా మూడు దశల్లో మండుతుంది. మొదట తడి ఆరుతుంది. తరువాత లోపలి పదార్థం వాయువుగా బయటికి వస్తుంది. ఆఖరున బొగ్గు మండుతుంది. మంటగా మనకు కనిపించేది రెండో దశ. ఆ వాయువుకు తగినంత గాలి, తగినంత వేడి దొరక్కపోతే అది మండకుండానే పొగగా పోతుంది.

జీడితొక్క బరువులో అయిదో వంతుకు పైగా నూనె ఉంటుంది. కటింగ్ చేసేవాళ్ళ చేతులు నల్లబడి, పొక్కులు లేచేది దీనివల్లనే. ఇందులో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. పారతో ఒకేసారి గుప్పెడు తొక్క పొయ్యిలో వేస్తే ఈ నూనె అంతా ఒక్కసారిగా ఆవిరవుతుంది, అంత గాలి అక్కడ ఉండదు. జిగురుగా, కళ్ళు మండించే నల్లపొగ అదే. అందుకే తొక్కను ఇంట్లో వంటపొయ్యిలో ఎప్పుడూ వేయకూడదు, దాని మంట మీద తినేదేదీ కాల్చకూడదు. ఊరికే వస్తుంది కదా అని తెచ్చుకునేవాళ్ళకు ఇది తప్పకుండా చెప్పండి.

మార్గం ఏమిటంటే, మొదట మరలో నూనె పిండాలి. ఆ నూనె రంగులకు, వార్నిష్‌కు, వాహనాల బ్రేకు లైనింగులకు పనికివచ్చే సరుకు. పిండగా మిగిలిన చెక్క కూడా బాగానే మండుతుంది, పొగ తక్కువ. దానిని కొద్దికొద్దిగా వేయాలి, మంట పైభాగానికి వేరుగా గాలి అందించాలి, చిమ్నీ ఎత్తుగా కట్టాలి. చిన్న పరిశ్రమకు మర కొనే స్తోమత ఉండదు నిజమే. పదిమంది కలిస్తే ఒక మర చాలని నా అభిప్రాయం.

రైతు పెరట్లో

కేరళలోని కాసర్‌గోడ్‌లో ఉన్న కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి చిప్పలతో నడిచే ఎండు కొబ్బరి డ్రయ్యర్‌ను తయారుచేసింది. చిప్పలను వరుసగా పేర్చి ఒక చివర అంటిస్తే, ఒకదాని నుంచి ఇంకొకదానికి నిదానంగా నిప్పు పాకుతుంది. ఎవరూ కాపలా ఉండనక్కరలేకుండా గంటల తరబడి ఒకే వేడి వస్తుంది. పచ్చి కొబ్బరిలో సగం నీరే. దాన్ని 6 శాతానికి దించడానికి ఎండలో వారం పట్టే పని, ఇందులో సుమారు ఒక రోజులో అవుతుంది. పొగ తగలదు కాబట్టి కొబ్బరి తెల్లగా ఉంటుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి తోటలను నేలకూల్చిన సంగతి మీలో పెద్దవాళ్ళు చూశారు. మళ్ళీ నాటిన జీడి కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు, కొబ్బరికి ఇంకా ఎక్కువ పడుతుంది. మిగిలిన కాయ విలువ అప్పుడే తెలుస్తుంది. ముసురు పట్టిన రోజున ఆ కాయను ఆరబెట్టేది చిప్ప నిప్పే.

ఇలాంటిది ఇటుకలతో, పాత ఇనుప డ్రమ్ముతో మనమే కట్టవచ్చు. డ్రమ్ములో నిప్పు, దానికి బిగించిన గొట్టంలోంచి పొగ బయటికి, డ్రమ్ము చుట్టూ వేడెక్కిన గాలి పైన ఉన్న ఇనుప జల్లెడకు. అదే డెన్మార్క్ కిటుకు. కొబ్బరికి 70 డిగ్రీలు దాటనివ్వకూడదు, థర్మామీటరు ఒకటి తప్పనిసరి. తలుపులు మూసిన గదిలో పెట్టి, చలికో వానకో దాని పక్కన పడుకోకూడదు. బొగ్గు సరిగా మండనప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చిప్పల బూడిదను పారేయకండి. అందులో పొటాష్ ఉంటుంది, కొబ్బరి బాగా కోరుకునేది అదే. చెట్టు మొదలుకు ఆనించకుండా, చుట్టూ పళ్ళెం చేసి పలచగా చల్లి మట్టి కప్పాలి.