పాత ట్రక్కుకి కొత్త టైర్లు

పోయిన చెరకు సీజనులో మా ట్రాక్టరు ట్రక్కు టైరు నడిరోడ్డు మీద పేలింది. లోడు పైన కూలీలెవరూ లేరు కాబట్టి సరిపోయింది. సెకండ్‌హ్యాండులో కొన్న టైరది. పైకి అరగలేదు, నాన్న చూసింది అదొక్కటే. పక్కన ఉన్న అంకెలు నేను తర్వాత చదివాను. 2312 అని నాలుగంకెల ముద్ర. అంటే 2012లో 23వ వారం తయారైంది! వాడకపోయినా గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ రబ్బరును పెళుసు చేస్తాయి.

ఇక రెండోది లోడ్ ఇండెక్స్. 146 అని ఉంటే, సరైన గాలితో ఒక్కో టైరు 3,000 కిలోలు మోస్తుందన్నమాట. ట్రక్కు బరువు, చెరకు బరువు కలిపి టైర్ల సంఖ్యతో భాగించి, కొంత మిగులు ఉండేలా కొనాలి. గాలి తగ్గితే టైరు ఎక్కువగా నలిగి వేడెక్కుతుంది. చాలాసార్లు పేలేది ఆ వేడికే.

ఈసారి షాపులో నాన్న ధర అడక్కముందే, "ఒరే, ఆ అంకెలేంటో చదువు" అన్నాడు.