ఇంటిలో పాటల రికార్డింగు: కంప్యూటరు కొనుటకు ముందు

మెదకు పట్టణమున పెద్దలు పాడు బతుకమ్మ పాటలను ఇంటనే రికార్డు చేయగోరువారు మున్ముందుగా కంప్యూటరు ధర విచారించుచుందురు. మొదట విచారింపవలసినది పాటను గూర్చి. ఒక్క గొంతుకు ఒక యు.ఎస్.బి. మైకు చాలును. బతుకమ్మ చుట్టు పదిమంది పాడుచుండగా గొంతులను వేరువేరుగా పట్టుకొనవలెనన్న, అన్ని మైకులకు చోటుగల ఆడియో ఇంటర్‌ఫేసు కావలెను.

ఒక గొంతును సెకనుకు 48,000 నమూనాలుగా, 24 బిట్ల చొప్పున పట్టుకొన్నచో గంటకు సుమారు 520 మెగాబైట్లగును. ఇందులకు 8 గిగాబైట్ల ర్యామ్, 256 గిగాబైట్ల ఎస్.ఎస్.డి. గల సామాన్యమైన కంప్యూటరు చాలును. వాద్యములను సైతము కంప్యూటరుననే పలికింపదలచినవారికి 16 గిగాబైట్ల ర్యామ్ మేలు.

సాఫ్ట్‌వేరునకు తొలుతనే సొమ్ము వెచ్చింపనక్కరలేదు. 2000 సంవత్సరమున వెలువడిన ఆడాసిటీ ఉచితము. విండోస్, మాక్, లైనక్స్ మూడింటను పనిచేయును. పెక్కు ట్రాకులు కూర్చువారు రీపర్‌ను 60 దినములు పరీక్షించి పిదప కొనవచ్చును.

మిగిలిన సొమ్ము మైకునకు, గది నిశ్శబ్దమునకు వినియోగింపుడు. మేమొకపరి ఒక అవ్వ పాటను పట్టుకొనుచు ల్యాప్‌టాప్‌ను ఆమె ప్రక్కనే ఉంచితిమి. తీరా వినగా పాటకంటె యంత్రపు ఫ్యాను హోరే ముందు వినవచ్చినది! సాఫ్ట్‌వేరుతో హోరును తొలగింపగా గొంతు కూడ కొంత పలుచబడినది. మరునాడు గోడలకు బొంతలు వ్రేలాడదీసి, యంత్రమును తలుపు అవతలకు జరిపి మరల పాడించితిమి. గొంతు స్వచ్ఛముగా వచ్చినది. కాని అవ్వ రెండు చరణములు మరచినది. అవి మొదటి రికార్డులోనే, హోరు చాటున ఉన్నవి. రెండు రికార్డులను రెండేసి డిస్కులలో భద్రపరచితిమి.