గ్రంథాలయ ప్రకటనలు – విద్యార్థి భవితవ్యము

విశ్వవిద్యాలయములలో విద్యార్థి భవిష్యత్తునకు ఉపకరించు వార్తలు ఎచ్చట దొరకునని యెవరినైన నడిగినచో, పరీక్షా విభాగపు గోడమీద ననియో, ఉద్యోగ కల్పనా కేంద్రపు తలుపుమీద ననియో బదులు వచ్చును గాని, గ్రంథాలయ ద్వారమునకు ప్రక్కన నిలిచియుండు నోటీసు బోర్డును జ్ఞాపకము చేసికొనువారు మిక్కిలి అరుదు. ఆ బోర్డుమీద ఆ నెలలో వచ్చిన నూతన గ్రంథముల జాబితా యుండును. ఈ-జర్నళ్ల వినియోగమును గూర్చిన శిక్షణా తరగతి తేదీ యుండును. పరిశోధకులకై సిద్ధాంత వ్యాస రచనా కార్యశాల, పుస్తక ప్రదర్శన, వారోత్సవముల కార్యక్రమ పత్రము, పరీక్షల కాలమున పఠన మందిరపు వేళల మార్పు, ఇవి యన్నియు నుండును. వీనిని రుసుము లేని విద్యగా గ్రహించి వినియోగించుకొన్న వానికిని, చూచియు చూడనట్లు లోనికి నడచిపోవు వానికిని, పట్టా చేతికి వచ్చునాటికి కనబడు అంతరము చాల పెద్దది.

మన విశ్వవిద్యాలయ గ్రంథాలయములు నేడు నిర్జనములై యున్నవనుట సత్యము కాదు. వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయమునకు గాని, హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు గాని, ఉద్యోగ నియామక ప్రకటనలు వెలువడిన కాలమున పోయి చూచినచో, పఠన మందిరములు ప్రొద్దుటినుండియే నిండియుండుట కనబడును. ఐతే అచ్చట కూర్చున్నవారిలో అనేకులు గ్రూప్స్ పరీక్షకో, డీఎస్సీకో, బ్యాంకు పరీక్షకో తాము కొని తెచ్చుకొన్న గైడ్లను, కోచింగ్ కేంద్రపు నోట్సులను చదువుకొనుచుందురే గాని, తమ వెనుక వరుసలు తీరియున్న గ్రంథములవైపు తిరిగి చూడరు. ఇరుకు గదిలో నలుగురు కలిసి యుండు విద్యార్థికి వెలుతురు, గాలి, నిశ్శబ్దము దొరకుటయే పెద్ద భాగ్యము గనుక వారిని నిందింపజాలను. కాని కుర్చీని మాత్రమే వాడుకొని గ్రంథాలయమును వదలిపెట్టుట, తమకు హక్కుగా సంక్రమించిన ఆస్తిలో ముఖ్య భాగమును తామే విడిచిపెట్టుకొనుట యగును. 1926లో బెజవాడలో ఆరంభమై, 1930లో వాల్తేరునకు తరలి, 2026 ఏప్రిల్ నాటికి నూరేండ్ల చరిత్ర గల ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వంటి సంస్థలు తరతరములుగా కూర్చిన గ్రంథ సంపద యే గైడులోను ఇముడునది కాదు.

విద్యా సంవత్సరారంభమున గ్రంథాలయమువారు నూతన విద్యార్థులకు నిర్వహించు పరిచయ కార్యక్రమము అన్నిటికంటె ముందు వచ్చునది. సాధారణముగా అందరు తప్పించుకొనునదియు నదియే. ఆనాడు బోధింపబడు విషయములు చూపునకు అల్పములు: కంప్యూటరు సూచికలో గ్రంథమును వెదకు విధానము, పుస్తకపు వెన్నుమీద అంటించిన సంఖ్య అర్థము, రిఫరెన్సు విభాగమున నేమి దొరకునో, ఏది యింటికి తీసికొనిపోవచ్చునో, ఏది రాదో. అయినను డ్యూయీ దశాంశ వర్గీకరణలో 320 రాజనీతి శాస్త్రమునకును, 330 అర్థశాస్త్రమునకును, 954 భారత దేశ చరిత్రకును, 894.827 తెలుగు సాహిత్యమునకును చెందినవని యెరిగిన అభ్యర్థి, పోటీ పరీక్షా ప్రణాళికను చేతబట్టుకొని, ఏ అల్మారా యెదుట నిలువవలెనో తనంతట తానే నిర్ణయించుకొనగలడు. ఒక ప్రశ్నకు ఒకే పుస్తకములోని ఒకే పేరాను కంఠస్థము చేసినవానికిని, అదే విషయముపై మూడు గ్రంథములు ప్రక్కప్రక్కన తెరచి పోల్చి చూచినవానికిని, మెయిన్స్ పరీక్షలో వ్రాయు సమాధానములలో భేదము మొదటి పుటలోనే తెలిసిపోవును.

ఇటీవలి కాలమున గ్రంథాలయ వార్తలలో నాకు మిక్కిలి ముఖ్యమని తోచునది, ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అను పథకము. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గ ఆమోదము పొంది, 2025 జనవరి 1నుండి ఆచరణలోనికి వచ్చిన ఈ పథకమునకు మూడేండ్లకుగాను 6,000 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. ముప్పది మంది అంతర్జాతీయ ప్రచురణకర్తలు వెలువరించు దాదాపు 13,000 పత్రికలు, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వముల యాజమాన్యమున నున్న 6,300 విద్యా పరిశోధనా సంస్థలకు ఉమ్మడిగా అందుబాటులోనికి వచ్చినవి. గాంధీనగరమునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము దీనిని నిర్వహించుచున్నది. ఒక్కొక్క పత్రికకు సంవత్సరమునకు వేలు, లక్షలు చందా కట్టవలసిన స్థితిలో, ఎన్నడును అట్టి పత్రికల ముఖము చూడజాలని జిల్లా కేంద్రపు ప్రభుత్వ కళాశాల విద్యార్థి యిప్పుడు దేశములోని అగ్రశ్రేణి సంస్థల పరిశోధకుడు చదువు వ్యాసమునే చదువగలుగుట చిన్న మార్పు కాదు. తలుపు తెరచియున్నను ద్వారము తెలియనివానికి అది మూసియున్నట్లే గనుక, గ్రంథాలయమువారు ‘ఈ-వనరుల వినియోగముపై అవగాహనా సదస్సు’ అని బోర్డుమీద వ్రాసిన నాడు, తరగతి పాఠము ఒకటి వాయిదా వేసికొని యైనను వెళ్లుట మేలని నేను నిస్సంకోచముగా చెప్పుదును. అచ్చట లాగిన్ సంపాదించుట, హాస్టలునుండియో యింటినుండియో చదువుకొను ఏర్పాటు, వెదకు పదములను కలిపియు విడదీసియు ప్రయోగించు నేర్పు మొదలైనవి చూపింతురు. ఇంజనీరింగు పట్టభద్రుడు మౌఖిక పరీక్షలో తన ప్రాజెక్టును గూర్చి మాటాడునపుడు, రెండేండ్ల నాటి వ్యాసమొకటి చదివినానని చెప్పగలుగుట ఈ నేర్పువలననే సాధ్యమగును.

పరిశోధనకు పోదలచినవారికి సిద్ధాంత వ్యాస రచనా కార్యశాల వేరుగా కలదు. పీహెచ్.డి. సిద్ధాంత గ్రంథములను ఎలక్ట్రానిక్ రూపమున సమర్పింపవలెనని 2009లో విశ్వవిద్యాలయ ధన సహాయ సంఘము (యు.జి.సి.) నిబంధన చేయగా, ‘శోధగంగ’ అను భాండాగారము ఏర్పడి, నేడు అందులో ఐదు లక్షలకు పైబడిన సిద్ధాంత గ్రంథములు ఎవరైనను చదువుకొనుటకు వీలుగా నున్నవి. తెలుగు శాఖలలో సమర్పింపబడినవియు అందు గలవు. అంశమును ఎన్నుకొనుటకు ముందే దీనిని వెదకి చూచినచో, ఇదివరకే యెవరో ముగించిన పనిని మరల మొదలుపెట్టి యేండ్లు పోగొట్టుకొను దుర్గతి తప్పును. 2018 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారము సిద్ధాంత గ్రంథమున ఇతరుల రచనతో పోలిక 10 శాతము వరకు దోషముగా గణింపబడదు. 10 దాటి 40 వరకు నున్నచో ఆరు నెలలకు మించని గడువులో సవరించి మరల సమర్పింపవలెను. 60 శాతము దాటినచో రిజిస్ట్రేషనే రద్దగును. ఈ సంగతి గ్రంథము బైండింగు చేయించిన పిమ్మట తెలిసికొని పరితపించుటకంటె, ఆధార గ్రంథములను పేర్కొను పద్ధతిపై గ్రంథాలయమువారు నడుపు తరగతిలో మొదటి యేడే కూర్చుండుట వివేకము.

ఆగస్టు 12వ తేదీన గ్రంథాలయములలో జరుగు సభ మరియొక విధమైనది. అది శియాళి రామామృత రంగనాథన్ జయంతిగా, జాతీయ గ్రంథపాలకుల దినోత్సవముగా దేశమంతట జరుపబడుచున్నది. ఆ సభలో ఉపన్యాసములు కొన్ని దీర్ఘములుగా నుండుట కలదు. అయినను ఉద్యోగమును వెదకుకొను యువకుడు ఆయన జీవితమును ఒకమారైన వినవలెను. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణిత శాస్త్రము బోధించుచు నున్న రంగనాథన్, 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయపు తొలి గ్రంథపాలకుడుగా నియమింపబడినపుడు, ఆ పనియందు ఆయనకు లవలేశమైనను అభిరుచి లేదు. విద్యార్థుల సందడికి అలవాటుపడిన ఆయనకు పుస్తకముల నడుమ ఏకాంతము దుర్భరమై, కొలది దినములలోనే పూర్వపు ఉద్యోగమునకు మరలింపుమని ప్రార్థించెను. ఇంగ్లండునకు పోయి ఆ విద్యను చూచి వచ్చిన పిమ్మటను ఇష్టము లేకున్నచో అప్పుడు మరలవచ్చునని పెద్దలు ఒప్పించిరి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో చదివి, అనేక గ్రంథాలయములను స్వయముగా తిరిగి చూచి వచ్చిన ఆయన యిక మరలలేదు. 1931లో గ్రంథాలయ శాస్త్ర పంచ సూత్రములను, 1933లో కోలన్ వర్గీకరణను వెలువరించెను. ఆ వర్గీకరణకు ప్రేరణ లండనులోని దుకాణమొకదానిలో ఆయన చూచిన పిల్లల మెకానో ఆటవస్తువు: కొన్ని లోహపు ముక్కలే వేర్వేరుగా కూర్చబడి వేర్వేరు బొమ్మలగుట. గణితమునకు దూరమైతినని వగచిన మనిషి గణితజ్ఞుని దృష్టితోనే ఆ శాస్త్రమునకు నూతన రూపము కల్పించెను. తమ డిగ్రీ ఒకటి, దొరకిన ఉద్యోగము మరియొకటి యని చింతించు వేలాది యువకులకు దీనికంటె ఉపయుక్తమైన దృష్టాంతము నా కెరుకలో లేదు.

నవంబరు 14నుండి 20 వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములకు మూలము మన తెలుగువారి కృషిలోనే కలదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయమున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథ భాండాగార ప్రతినిధుల మహాసభ జరిగినది. దానికి ప్రాణము పోసిన అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికచే 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరుగగా, ఆ దినమునే ఆరంభ దినముగా స్వీకరించి నేడు వారోత్సవములు జరుపుచున్నారు. వ్యాస రచన, వక్తృత్వము, క్విజ్ పోటీలు సామాన్యముగా నుండును. బహుమతి కొరకు వానిలో పాల్గొనుట మంచిదే. కాని పుస్తక ప్రదర్శన నేర్పాటు చేయు సిబ్బందికి సహాయకుడుగా పేరు నిచ్చినవానికి దక్కు ఫలము మరింత విలువైనదని నా అభిప్రాయము. ‘స్వాతంత్ర్యోద్యమమున ఆంధ్రులు’ అను ప్రదర్శనకు పుస్తకములు ఏరి, వర్గీకరించి, ఒక్కొక్కదానికి రెండు వాక్యముల పరిచయము వ్రాసి, జాబితా సిద్ధము చేసిన విద్యార్థి ఆ వారములో నేర్చుకొన్నది, పత్రికాలయమునకు పోయినను, ఉపాధ్యాయుడైనను, పరిపాలనా సేవకు ఎంపికైనను వానిని విడిచిపెట్టదు.

ఇట్లు గ్రంథాలయ కార్యక్రమములలో తిరుగుచుండగా కొందరికి ఈ వృత్తియందే మనసు కలుగుట సహజము. మన విశ్వవిద్యాలయములలో ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున 1935లోనే గ్రంథాలయ శాస్త్రమునకు పాఠ్యక్రమము ఆరంభమైనది. ఏ డిగ్రీ చదివినవారైనను బీఎల్‌ఐఎస్సీ, ఆ తరువాత ఎంఎల్‌ఐఎస్సీ చదువవచ్చును. ఉద్యోగము చేయుచు చదువుకొనువారికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, ఇగ్నో దూరవిద్యా మార్గమున అవకాశము కల్పించుచున్నవి. విశ్వవిద్యాలయమున అసిస్టెంట్ లైబ్రేరియన్ పదవికి మాస్టర్స్ పట్టాలో 55 శాతము మార్కులతోపాటు నెట్ లేక సెట్ ఉత్తీర్ణత గాని, నిబంధనల ననుసరించిన పీహెచ్.డి. గాని కావలెను. ఏడవ వేతన సంఘమును అనుసరించిన యు.జి.సి. శ్రేణిలో ఆరంభ మూలవేతనము 57,700 రూపాయలు. కేంద్రీయ విద్యాలయములలో లైబ్రేరియన్ మూలవేతనము 44,900తో ఆరంభమగును. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుతోపాటు వసూలగు సెస్సుచే నడచు జిల్లా గ్రంథాలయ సంస్థలును కలవు గాని, వానిలో నియామకములు మిక్కిలి ఆలస్యముగా జరుగుచుండుట విచారకరము. ఈ ఒక్క ఆశపై మాత్రమే చదువు ఆరంభింపవలదని నా సలహా. ప్రైవేటు కళాశాలలు, ప్రయోగశాలలు, వార్తా సంస్థలు, న్యాయవాద సంస్థలు ఇంకొక వైపున నున్నవి.

ఇప్పుడు ఆ స్థానములలో అడుగునవి పుస్తకము నిచ్చి పుచ్చుకొను నేర్పును మించినవి. కోహా వంటి సాఫ్ట్‌వేరుతో సూచికను నడుపుట, డీస్పేస్‌తో డిజిటల్ భాండాగారమును నిర్మించుట, పరిశోధకునికి వలసిన సమాచారమును వెదకి యిచ్చుట వచ్చినవానికి ఆదరము కలదు. ఇవి రెండును ఉచితముగా దొరకు సాఫ్ట్‌వేరులే గనుక, అభ్యాసమునకు ధనలోపము అడ్డు కాదు. తెలుగు చక్కగా వచ్చినవానికి మరియొక క్షేత్రము ఎదురుచూచుచున్నది. లక్షల పుటల పాత తెలుగు గ్రంథములు స్కాను చేయబడియు, పేరులు ఆంగ్లాక్షరములలో తప్పులతో నమోదగుటచే వెదకినను దొరకక యున్నవి. తంజావూరు సరస్వతీ మహలు, మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయములలో తెలుగు తాళపత్రములు అనేకము కలవు. గ్రంథకర్త నామమును యూనికోడ్ తెలుగులో సరిగా నమోదు చేయగలిగి, పాత లిపిని చదువగలిగి, గ్రంథాలయ శాస్త్రము నెరిగిన వ్యక్తి ఒకడే యగుట నేడు అరుదు. తెలుగు ఎం.ఏ. చదువుచున్న విద్యార్థి తాళపత్ర సంరక్షణపై శిక్షణ తరగతి ప్రకటన కనబడిన నాడే పేరు నమోదు చేసికొని, సెలవులలో రెండు మూడు వారములు సూచీకరణ విభాగమున వేతనము లేకయే పనిచేయుటకు అనుమతి కోరుచు గ్రంథాలయాధికారికి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. దానిపై తమ శాఖాధ్యక్షుని సంతకము చేయించి, ఏ విభాగమున ఏ తేదీలలో పనిచేయగోరుచున్నదియు స్పష్టముగా వ్రాసి, సెలవులకు ఒక నెల ముందే అందజేయుట మంచిది.